మూడు రేకుల చిత్రకారుడు

మేడ్చల్ మొదలుకొని షామీర్‌పేట వరకు విస్తరించిన ప్రాంతం నేడు మందులకు, టీకాలకు పేరుగాంచింది. తుర్కపల్లి పరిసరాలలో వెలసిన జీనోమ్ వ్యాలీ పేరు మీరందరూ విన్నదే. ఇక్కడి కర్మాగారాలలో తయారైన మందు ఒక చిన్న అట్టపెట్టెలో మన ఇంటికి చేరుతుంది. మందు వాడుకొన్న తరువాత ఆ పెట్టెను పారవేయక, దాని మడతలు విప్పి చూడండి. లోపలికి ముడుచుకొనిపోయే అంచుమీద కొన్ని చిన్న రంగుల చుక్కలు వరుసగా కనిపిస్తాయి. ఒకటి ఆకాశపు నీలం, ఒకటి గులాబి ఛాయగల ఎరుపు, ఒకటి పసుపు, ఇంకొకటి నలుపు. ఒక్కొక్కప్పుడు ఆ సంస్థ తన గుర్తుగా ఎంచుకొన్న ప్రత్యేకమైన రంగు ఐదో చుక్కగా నిలుస్తుంది.

ఆ చుక్కలు అలంకారం కోసం వేసినవి కావు. ఏ రంగు ఎంత చిక్కగా పడిందో ముద్రాపకుడు ఒక్క చూపులో తెలుసుకోవడానికి వేసుకొన్న గురుతులు. పెట్టెమీద కనిపించే ఆకుపచ్చ, ఊదా, గోధుమవన్నె, పసిబిడ్డ బుగ్గమీది చాయ, అన్నీ ఆ నాలుగింటి కలయికలో నుండి పుట్టినవే. పోయిన నెల పెట్టెకు, ఈ నెల పెట్టెకు రంగులో ఏ కొంచెం తేడా వచ్చినా కొనేవాడు ఇది నకిలీ మందేమోనని శంకిస్తాడు. కనుక రంగును రంగుతో సరిపోల్చడం ముద్రణాలయంలో చాలా జాగ్రత్తగా చేయవలసిన పని. ఇక పేటెంటు అనే మాట ఈ ప్రాంతానికి కొత్తది కాదు. ఒక వస్తువును ముందుగా కనిపెట్టినవారెవరు, దానిని తయారుచేసే అధికారం ఎవరికి, ఎన్ని సంవత్సరాలకు అన్న ప్రశ్నల చుట్టూ మందుల పరిశ్రమ అంతా తిరుగుతూ ఉంటుంది. 2005 జనవరి 1 నుండి మన దేశంలో మందులకు కూడా ఉత్పాదన పేటెంట్లు వర్తిస్తున్నాయి.

పెట్టె మడతమీది రంగుల చుక్కలకూ, పేటెంటు తగవులకూ సంబంధం ఈనాటిది కాదు. మూడు రంగులతో సర్వవర్ణాలనూ అచ్చులో సాధించి, ఆ పద్ధతిపై ఇద్దరు రాజుల నుండి హక్కుపత్రాలు పొంది, వాటివల్ల ఏ మాత్రమూ సుఖపడని ఒక చిత్రకారుడు పద్దెనిమిదో శతాబ్దిలో ఉండేవాడు. ముద్రణచరిత్ర చదివినవారికి సుపరిచితుడైన ఆయన పేరు యాకబ్ క్రిస్టోఫ్ లబ్లోన్.

లబ్లోన్ 1667లో జర్మనీ దేశంలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో జన్మించాడు. ఆయన పూర్వులు ఫ్రాన్సు మతకల్లోలాలలో నిలువలేక వలసవచ్చిన హ్యూగెనాట్లు. రాగిరేకుమీద బొమ్మలు చెక్కి అచ్చువేసే విద్య, పుస్తక ప్రచురణ ఆ బంధువర్గానికి కొత్తవి కావు. యౌవనంలో ఆయన ఇటలీకి వెళ్ళి, రోమ్ నగరంలో కార్లో మరాటా అనే ప్రసిద్ధ చిత్రకారుని సన్నిధిలో అభ్యసించాడని చెబుతారు. పద్దెనిమిదో శతాబ్ది తొలి సంవత్సరాలలో హాలండు చేరి, ఆమ్‌స్టర్‌డామ్‌లో సూక్ష్మచిత్రాలు గీస్తూ జీవించసాగాడు. అరచేతిలో ఇమిడే పరిమాణంలో ముఖాన్ని చిత్రించే పని అది. వేలిగోరంత స్థలంలో నుదుటి కాంతికీ, కంటికింది నీడకూ ఎన్ని వన్నెలు కలపాలో గ్రహించగల దృష్టి ఆయనకు అలవడింది. ఆయన జీవితమంతా ఆ చూపుమీదనే ఆధారపడింది.

ఆమ్‌స్టర్‌డామ్ ఆనాడు ప్రపంచపు సరుకులన్నీ చేరే రేవు. పదిహేడో శతాబ్ది ఆరంభంలోనే డచ్చివారు మన మచిలీపట్నంలో వర్తకస్థానం నెలకొల్పుకొన్నారు. గోల్కొండ సుల్తానుల రాజ్యం నుండి అద్దకపు బట్టలు ఓడలలో అక్కడికి ప్రయాణించేవి. చిరివేరుతో ఎరుపు, నీలిమందుతో నీలం దించే మన అద్దకపు పనివారు నీలిమీద పసుపు పూసి ఆకుపచ్చ రప్పించేవారు. ఒక రంగుమీద మరొక రంగు పడితే మూడో రంగు పుడుతుందన్న సత్యం వారికి తరతరాలుగా చేతిలోని విద్య. ఆ బట్టలు లబ్లోన్ కంటపడ్డాయని చెప్పడానికి ఆధారం లేదు. అయితే ఆయన చేసిన పని గొప్పతనం ఎక్కడున్నదో తెలియడానికి ఈ పోలిక ఉపకరిస్తుంది. రంగులు కలిస్తే కొత్త రంగు వస్తుందన్నది ఆయన కనిపెట్టిన విషయం కాదు. ఎరుపు, పసుపు, నీలం అనే మూడింటిని మూలవర్ణాలుగా పలువురు చిత్రకారులు అప్పటికే గుర్తించారు. చూచిన ఏ చిత్రాన్నైనా మూడు భాగాలుగా విడదీసి, ఒక్కొక్క భాగాన్ని ఒక్కొక్క రేకుమీదికి ఎక్కించి, వాటిని తిరిగి ఒకే కాగితంమీద కలపవచ్చునన్న ఊహ మాత్రం ఆయనదే.

అంతకుముందు రంగుల అచ్చు లేకపోలేదు. హాలండులోనే యోహానెస్ టేలర్ అనే పండితుడు 1688లో రంగుల ముద్రణకు ప్రభుత్వం నుండి హక్కు సంపాదించాడు. ఆయన పద్ధతిలో ఒకే రాగిరేకుమీద వేరువేరు చోట్ల వేరువేరు సిరాలు పూసి, ఒక్కసారిగా అచ్చు తీసేవారు. ఆకుకు ఆకుపచ్చ సిరా, పువ్వుకు ఎర్ర సిరా. ఎన్ని వన్నెలు కావాలంటే అన్ని సిరాలు సిద్ధం చేసుకోవాలి. లబ్లోన్ ఈ దారి పట్టలేదు.

ఆయన అనుసరించిన విధానం కొంత వివరంగా తెలుసుకోవలసినది. రాగిరేకుమీద మెజోటింట్ అనే ఒక చెక్కడపు పద్ధతి పదిహేడో శతాబ్ది మధ్యలో వాడుకలోకి వచ్చింది. దంతాల అంచు గల ఉక్కు పనిముట్టును రేకుమీద అన్ని దిక్కులా ఊపుతూ ఒత్తితే రేకంతా గరుకు తేలుతుంది. ఆ స్థితిలో సిరా పూసి అచ్చువేస్తే కాగితంమీద చిక్కని చీకటివంటి ముద్ర పడుతుంది. తరువాత వెలుగు కావలసిన చోట గరుకును గీకి నునుపు చేస్తారు. ఎంత నునుపు చేస్తే అంత తక్కువ సిరా నిలుస్తుంది, అంత వెలుగు వస్తుంది. చీకటిలో నుండి వెలుగును తీయడమన్నమాట. లబ్లోన్ ఒకే కొలతగల మూడు రేకులను ఇలా సిద్ధం చేశాడు. ఒకటి నీలానికి, ఒకటి పసుపుకు, ఒకటి ఎరుపుకు. అచ్చువేయదలచిన వర్ణచిత్రాన్ని ఎదుట పెట్టుకొని, ఈ చెంపలో నీలం ఎంత, పసుపు ఎంత, ఎరుపు ఎంత అని కంటితోనే నిర్ణయించేవాడు. నీలం అంతగా అక్కరలేని చోట నీలపు రేకును నునుపు చేసేవాడు, ఎరుపు నిండుగా కావలసిన చోట ఎర్ర రేకు గరుకును అలాగే ఉంచేవాడు. చివరకు ఒకే కాగితంమీద మూడు రేకులనూ ఒకదానిపై ఒకటిగా ఒత్తేవాడు. కింది రంగు పై రంగులో నుండి కనిపించాలి కనుక సిరాలు పారదర్శకంగా ఉండాలి. బెర్లిన్‌లో అప్పుడే కొత్తగా తయారైన ప్రష్యన్ నీలం ఆయనకు బాగా అక్కరకు వచ్చింది.

నేడు కెమెరా, కంప్యూటరు క్షణంలో చేసే వర్ణవిభజనను ఆయన తన కన్నులతో చేశాడు. ఛాయాచిత్రం పుట్టడానికి నూరేళ్ళకు పైగా ముందు మాట ఇది.

1710 ప్రాంతంలో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆయన తొలి త్రివర్ణ ముద్రణలు తీశాడు. ఆ వెంటనే హక్కుకోసం ప్రయత్నాలు మొదలుపెట్టాడు. హాలండులో ఫలించలేదు, పారిస్‌లోనూ ఫలించలేదు. అప్పుడు ఆయన లండన్ చేరాడు. ఇంగ్లండు సింహాసనంమీద ఉన్న మొదటి జార్జి జర్మనీలోని హనోవరు నుండి వచ్చినవాడు. 1719లో ఆ రాజు లబ్లోన్‌కు పేటెంటు ప్రసాదించాడు. 1624 నాటి ఆంగ్ల శాసనం ప్రకారం కొత్త వస్తువును లేదా కొత్త పద్ధతిని తెచ్చినవానికి 14 సంవత్సరాలు ఏకైక హక్కు లభిస్తుంది. కనిపెట్టిన పనివిధానాన్ని సవిస్తరంగా రాసి దాఖలు చేయాలన్న నియమం మాత్రం ఆనాటికి స్థిరపడలేదు. కనుక లబ్లోన్ చేతికి హక్కు వచ్చింది, రహస్యమూ ఆయన వద్దనే నిలిచింది. ఇది ఆయనకు మేలు చేసిందని పైకి తోస్తుంది. జరిగిన కథ వేరు.

పేటెంటు ఆధారంగా లండన్‌లో పిక్చర్ ఆఫీసు అనే సంస్థ ఏర్పడింది. కల్నల్ జాన్ గైజ్ వంటి ప్రముఖులు దాని వెనుక నిలిచారు. కులీనులు వాటాలు కొన్నారు. లండన్ నగరమంతా వాటాల పిచ్చిలో మునిగిన కాలమది. 1720లో సౌత్ సీ కంపెనీ బుడగ పగిలి ఎందరో దివాలా తీశారు. మహాచిత్రకారుల తైలవర్ణ చిత్రాలకు నకళ్ళు చవకగా అచ్చువేసి అమ్మాలన్నది పిక్చర్ ఆఫీసు ఉద్దేశం. వాన్ డైక్ చిత్రించిన మొదటి చార్లెస్ రాజు బిడ్డల చిత్రం మొదలైనవి ఇలా వెలువడ్డాయి. వాటికి వార్నిష్ పూసి చట్రంలో బిగిస్తే తైలచిత్రాలే అనిపించేవి. చూచినవారు ఆశ్చర్యపడ్డారు. కాని కొన్ని సంవత్సరాలకే సంస్థ మూతపడింది.

కారణం లబ్లోన్ వ్యవహారజ్ఞానం లేనివాడు కావడమే అని కొందరు రాశారు. అందులో కొంత నిజం ఉండవచ్చు. కాని అసలు చిక్కు ఆయన విద్యలోనే ఉన్నదని నా అభిప్రాయం. మెజోటింట్ రేకు మెత్తని రాగి. అచ్చు యంత్రపు ఒత్తిడికి దాని గరుకు త్వరగా అరిగిపోతుంది. ఒక రేకు అరిగితే ఒక రంగు పలుచబడుతుంది. మూడు రేకులూ ఒకే తీరున అరగవు. తొలి ప్రతిలో ఆరోగ్యంగా ఉన్న ముఖం వందో ప్రతిలో పాండురోగివలె మారవచ్చు. తడిపిన కాగితంమీద అచ్చువేయాలి, తడి ఆరితే కాగితం ముడుచుకొంటుంది, రెండో రేకు మొదటిదానిమీద సరిగా కూర్చోదు. ఈ లోపాలను సవరించడానికి ప్రతి ప్రతినీ చేతితో దిద్దవలసివచ్చేది. రేకులు సిద్ధం చేసే పనివారు దొరికినా, ఏ చోట ఎంత గీకాలో చెప్పగల చూపు లబ్లోన్ ఒక్కనికే ఉండేది. చిత్రలేఖనాన్ని యంత్రపు పనిగా మార్చానని ఆయన ప్రకటించాడు, ఆ యంత్రంలో ముఖ్యభాగం మాత్రం ఆయన కన్నే. ఇటువంటి దానికి హక్కుపత్రం ఇవ్వవచ్చు, వాటాదారులకు మాత్రం పంచి ఇవ్వడం సాధ్యం కాదు.

1725లో ఆయన కలరిటో అనే చిన్న గ్రంథాన్ని ప్రకటించాడు. ఇంగ్లీషు, ఫ్రెంచి భాషలు రెండింటిలోనూ సాగే ఆ పుస్తకాన్ని ఆనాటి ప్రధాన నాయకుడు రాబర్ట్ వాల్పోల్‌కు అంకితమిచ్చాడు. అంకితం ఇచ్చి ఆదరణ పొందడం మన ప్రబంధకవులకే కాదు, అక్కడివారికీ ఉన్న ఆచారమే. ఈ గ్రంథంలో ఒక గొప్ప శాస్త్రసత్యం ఉన్నది. అంతకు 21 సంవత్సరాల ముందు, 1704లో, న్యూటన్ తన దృశాశాస్త్ర గ్రంథంలో తెల్లని వెలుగు అనేక వర్ణాల కలయిక అని నిరూపించాడు. అయితే చిత్రకారుని పళ్ళెంలో రంగులన్నీ కలిపితే తెలుపు రాదు, మసిబారిన నలుపు వస్తుంది. ఈ వైరుధ్యం పలువురిని తికమకపెట్టింది. వెలుగులోని రంగులు వేరు, పదార్థంలోని రంగులు వేరు అని లబ్లోన్ స్పష్టంగా విడదీసి చెప్పాడు. కాంతి వర్ణాలు కలిసే కొద్దీ వెలుగు పెరుగుతుంది. సిరా పని ఇందుకు వ్యతిరేకం. తనమీద పడిన వెలుగులో కొంత భాగాన్ని సిరా మింగివేస్తుంది, మూడు సిరాలు కలిస్తే దాదాపు అంతా మింగివేస్తాయి. మీరు భౌతికశాస్త్రంలో చదువుకొనే సంకలన, వ్యవకలన వర్ణమిశ్రమాల భేదం ఇదే.

అయితే ఆ పుస్తకంలో ఒక విశేషం గమనించాలి. మనిషి ముఖపు ఛాయలను ఎలా కలపాలో అందులో వివరించాడు కాని రేకులను సిద్ధం చేసే మర్మాన్ని పూర్తిగా బయటపెట్టలేదు. పేటెంటు గడువు ఇంకా మిగిలి ఉన్నది. రహస్యం విప్పితే ఎవరైనా ఎత్తుకొనిపోతారన్న భయం సహజమే.

పిక్చర్ ఆఫీసు పతనమైన తరువాత ఆయన నేతవైపు మళ్ళాడు. కొద్ది రంగుల దారాలను పక్కపక్కన పేర్చి, దూరం నుండి చూచేవారికి అనేక వర్ణాలు భాసించేటట్లు బొమ్మల తెరలు నేయించాలన్నది ఆయన ఆలోచన. 1727లో దీనికీ పేటెంటు లభించింది. చెల్సీలో మగ్గాలు వెలిశాయి. అదీ నిలువలేదు. 1731లో రాయల్ సొసైటీ కార్యదర్శి క్రామ్‌వెల్ మార్టిమర్ ఆయన ముద్రణ, నేత పద్ధతులను గురించి ఆ సంస్థ పత్రికలో ఒక నివేదిక ప్రకటించాడు. పండితుల గౌరవం దక్కింది, ధనం మాత్రం దక్కలేదు. అరవై దాటిన వయసులో లబ్లోన్ లండన్ విడిచి, హాలండు మీదుగా పారిస్ చేరుకొన్నాడు.

చాలామంది ఆ వయసులో పని చాలించుకొంటారు. ఆయన మళ్ళీ మొదటి నుండి ఆరంభించాడు. 1737 నవంబరులో ఫ్రాన్సు ప్రభువు పదిహేనో లూయీ ఆయనకు ఏకైక హక్కు ప్రసాదించాడు. లండన్ పత్రానికీ, ఈ పత్రానికీ ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. రాజు నియమించిన పెద్దల సమక్షంలో పనిని మొదటి నుండి చివరిదాకా చేసి చూపించి, రహస్యం వారికి తెలియజేయాలన్నది ఇక్కడి నిబంధన. ఇంతకాలం దాచుకొన్నదాన్ని ఆయన విప్పి చూపక తప్పలేదు. శిష్యులను చేర్చుకొన్నాడు. కార్డినల్ ఫ్లూరీ ముఖచిత్రం, 1739లో లూయీ రాజు ముఖచిత్రం ఆయన రేకుల నుండి వెలువడ్డాయి. 1741 మే నెలలో, 74వ ఏట, ఐశ్వర్యమేమీ చూడకుండానే లబ్లోన్ కన్నుమూశాడు.

ఆ శిష్యులలో ఒకనితోనే అసలు తగవు మొదలయింది. మార్సెయి నగరం నుండి వచ్చిన జాక్ ఫాబియాన్ గోత్యే దాగోతీ 1738లో కొద్ది వారాలు మాత్రమే లబ్లోన్ పనిశాలలో ఉన్నాడు. గురువు గతించిన సంవత్సరమే, అంటే 1741లోనే, ఆయన రంగుల ముద్రణకు తన పేర రాజశాసనం సంపాదించాడు. లబ్లోన్ వారసులు, శిష్యులు అభ్యంతరం తెలిపారు. గోత్యే వాదం ఇది: లబ్లోన్‌వి మూడు రేకులు, నావి నాలుగు. నాలుగోది నల్లరేకు. ముందుగా నల్లని సిరాతో చిత్రపు వెలుగునీడలన్నీ అచ్చువేసి, తరువాత మూడు రంగులూ ఒత్తితే చిత్రం త్వరగా, నిండుగా వస్తుంది. కనుక ఇది వేరొక ఆవిష్కరణ, పాతదాని అనుకరణ కాదు.

ఈ వాదాన్ని తేలికగా తోసివేయలేము. మందుపెట్టె మడతమీద నేటికీ నాలుగో చుక్కగా నిలిచినది ఆ నలుపే. మూడు సిరాలతో తీసిన నీడలు ఎంత చేసినా మసకగానే ఉంటాయి. నల్లరేకు వాటికి బలం ఇస్తుంది, ఖరీదైన రంగులను పొదుపు చేస్తుంది. గోత్యే సమర్థుడు కూడా. 1746లో ఆయన ప్రకటించిన మానవ కండరాల చిత్రసంపుటం వైద్యవిద్యార్థులకు రంగులలో దేహనిర్మాణం చూపిన తొలి గ్రంథాలలో ఒకటి. మనిషి గర్వి. రంగుల విషయంలో న్యూటన్ పొరబడ్డాడని గ్రంథాలు రాయడానికి కూడా వెనుకాడలేదు. లబ్లోన్ తనకు గురువు కాడనీ, ఈ విద్య తాను స్వయంగా సాధించినదేననీ పత్రికలలో చాటాడు.

ప్రశ్న ఏమిటంటే, మూడుకు ఒకటి చేర్చడం కొత్త ఆవిష్కరణ అవుతుందా? పాతదానికి చేసిన మెరుగు ఎంత పెద్దదైతే దానికి వేరు హక్కు లభించాలి? ఈనాడు మందుల పేటెంటు తగవులలో న్యాయస్థానాలు వేసుకొంటున్న ప్రశ్న అచ్చంగా ఇదే. పాత మందుకు స్వల్పమైన మార్పు చేసి కొత్త పేటెంటు కోరేవారికి మన 1970 నాటి పేటెంటు చట్టం, 2005 సవరణ తరువాత, కఠినమైన షరతు పెట్టింది. ఫలప్రదత్వం గణనీయంగా పెరిగిందని నిరూపించాలి. పద్దెనిమిదో శతాబ్ది ఫ్రాన్సులో ఇటువంటి కొలమానం లేదు. రాజుగారి దయ ఎటు ఉంటే హక్కు అటు. గోత్యే హక్కు అలాగే నిలిచింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి మన తీరంవైపు చూడాలి. పారిస్‌లో ఈ తగవు రగులుతున్న 1742లోనే, కోరమాండల్ తీరం నుండి కేర్దూ అనే ఫ్రెంచి జెస్యూట్ మతాచార్యుడు స్వదేశానికి ఒక సుదీర్ఘమైన లేఖ రాశాడు. తెలుగు నేర్చి, సంస్కృత భాషకు యూరపు భాషలకు గల పోలికలను తొలుత గమనించినవారిలో ఒకడుగా పేరొందినవాడే ఈయన. బట్టను కరక్కాయ కషాయంలో, పాలలో నానబెట్టడం మొదలుకొని రంగు పట్టించేవరకు మన అద్దకపు విద్యను మెట్టుమెట్టుగా ఆ లేఖలో వర్ణించాడు. ఆ పనివారి నుండే అడిగి తెలుసుకొన్నాడు. లేఖ ముద్రితమై, ఫ్రాన్సు అద్దకశాలలకు పాఠ్యగ్రంథంవలె ఉపకరించింది. ఒక నల్లరేకుకోసం అక్కడ రాజశాసనాలు కదిలాయి. తరతరాలు పెంచుకొన్న ఈ విద్యను చెప్పినవారి పేర్లు ఆ లేఖ చదివినవారెవరూ అడిగినట్లు లేదు.

తెలుగులో వర్ణమంటే రంగు, వర్ణమంటే అక్షరం. గోత్యే కండరాల సంపుటం వెలువడిన 1746లోనే జర్మనీలోని హాలే పట్టణంలో బెంజమిన్ షుల్జ్ తెలుగు లిపిలో తొలి పుస్తకాలు అచ్చువేయించాడు. మన అక్షరవర్ణాలు అచ్చుకెక్కిన కాలమూ, రంగుల వర్ణాలకై తగవు జరిగిన కాలమూ ఒకటే కావడం కాకతాళీయం. తెలుగు చెప్పేవానికి చెప్పకుండా దాటడం కష్టం.

ఇక లబ్లోన్ పక్షాన నిలిచినవాడు ఆంత్వాన్ గోత్యే ద మోందోర్జ్. ప్రతివాది పేరు గోత్యే, సమర్థకుని పేరూ గోత్యేయే కావడం చదువరులను ఈనాటికీ తికమకపెడుతుంది. ఇద్దరికీ బంధుత్వం లేదు. లబ్లోన్ పనిని దగ్గర నుండి ఎరిగిన మోందోర్జ్ 1756లో ఆ ముద్రణకళను గురించి ఒక గ్రంథం ప్రకటించాడు. కలరిటోను అందులో తిరిగి అచ్చువేశాడు. దానికి తోడు, కలరిటోలో లబ్లోన్ దాచిన వివరాలన్నీ చేర్చాడు. రేకును ఎలా గరుకు చేయాలి, మూడింటినీ ఒకే కొలతకు ఎలా తేవాలి, సిరాలు ఎలా నూరాలి, ఏ రంగు ముందు ఒత్తాలి, అన్నీ. పని త్వరగా సాగవలసినప్పుడు నల్లని నాలుగో రేకును వాడుకొనే ఉపాయం లబ్లోన్‌కు తెలుసునని, ఆయన దానిని వాడాడని కూడా ఆ పుస్తకం తెలియజేసింది.

పదిహేనేళ్ళనాటి తగవులో లబ్లోన్ పక్షానికి ఇంతకంటే బలమైన సాక్ష్యం లేదు. ఇది ఎక్కడ నుండి వచ్చింది? 1737 నాటి హక్కుపత్రం విధించిన నిబంధన నుండి వచ్చింది. పెద్దల ఎదుట రహస్యం విప్పి చూపాలన్న ఆ షరతు లేకపోతే లబ్లోన్ విద్య ఆయనతోనే సమాధి అయ్యేది, నల్లరేకు సంగతి చెప్పడానికి ఎవరూ మిగిలేవారు కాదు. ఏ రహస్యాన్ని కాపాడుకోవడానికి ఆయన లండన్‌లో అంత పాటుపడ్డాడో, పారిస్‌లో దానిని వదులుకోవడంవల్లనే ఆయన పేరు నిలిచింది. పద్ధతిని లోకానికి వెల్లడించు, బదులుగా కొంతకాలం హక్కు అనుభవించు అన్న ఆధునిక పేటెంటు ఒప్పందంలో రెండో సగం ఆయనకు అక్కరకు రాలేదు, మొదటి సగం వచ్చింది.

గోత్యే దాగోతీ 1785 వరకు జీవించి, కుమారులతో కలిసి రంగుల ముద్రణలు సాగించాడు. రేకులు అరిగిపోవడం, కంటి అంచనామీద ఆధారపడడం ఆయన విషయంలోనూ తప్పలేదు. ఆ ఆధారం తొలగడానికి ఛాయాచిత్రకళ రావలసివచ్చింది. 1869లో లూయీ దుకో ద్యు ఓరోన్, షార్ల్ క్రో అనే ఇద్దరు ఫ్రెంచివారు ఒకరినొకరు ఎరుగకుండానే, చిత్రాన్ని మూడు రంగుల గాజుపలకలగుండా మూడుసార్లు ఛాయాచిత్రం తీసి విభజించవచ్చునని పారిస్‌లోని ఛాయాచిత్ర సంఘానికి ఒకే సమావేశంలో తెలియజేశారు. క్రో తన ఆలోచనను 1867లోనే ముద్రవేసిన కవరులో పెట్టి శాస్త్ర అకాడమీలో భద్రపరిచాడు. దుకో 1868లో పేటెంటు పొందాడు. మరొక ఘోరమైన తగవుకు ఇంతకంటే సిద్ధమైన రంగం ఉండదు. కాని వారిద్దరూ పరస్పరం గౌరవించుకొని ఊరుకొన్నారు. లబ్లోన్ కన్ను చేసిన పనిని గాజుపలకలు చేయగలవని దుకో పత్రం చెప్పింది. ఆ పత్రపు గడువు 15 సంవత్సరాలు. అది తీరేనాటికి ఎర్రని వెలుగును సరిగా గ్రహించగల ఛాయాఫలకాలు అంగళ్ళలోకి ఇంకా రానేలేదు.